ఎడమకాలి అంచు

ఆవిడకు కన్నవాళ్లు ఏ పేరు పెట్టారో గానీ, పనిచేసేచోట అందరికీ అంచులక్క. వయసు నలభై ఆరు. కళ్లజోడు ముక్కు మీద కంటే నెత్తి మీదే ఎక్కువసేపు ఉంటుంది. ఏ వస్తువు చేతికొచ్చినా ముందు దాని అంచు వెంట చూపుడువేలు పోనిస్తుంది. గ్లాసయినా సరే, బల్లయినా సరే, కొత్తగా కొన్న డబ్బా మూతయినా సరే. పెళ్లయిన కొత్తలో అత్తగారు అది చూసి, కోడలు ఇంట్లో దుమ్ము వెతుకుతోందనుకుని మూడు రోజులు మూతి ముడుచుకుని కూర్చుందట. దుమ్ము కాదు మహాతల్లీ, అంచు నున్నగా ఉందా లేదా అని చూస్తోంది, అంతే.

పనిచేసేది పెట్టుడు కాళ్లు తయారుచేసే చిన్న కార్ఖానాలో. కింద కొలతల గది, అరగదీసే మిషన్లు, ముప్పై ఏళ్లుగా తెల్లటి సుద్దలో మునిగి తేలుతున్న సుద్దబాబాయి. ముప్పై ఎనిమిది మెట్లెక్కితే మేడమీద రెండు కంప్యూటర్లు, ఒక బీరువా, ఒక కిటికీ, ఒక బల్ల వెనక అంచులక్క, ఇంకో బల్ల వెనక ఇన్‌ఛార్జి. సైన్యం మొత్తం ఇంతే. వీళ్లందరి పైన వేరే ఊళ్లో హెడ్డాఫీసు ఉంది. అది కనిపించదు, ఫోన్లలోనూ ఉత్తరాల్లోనూ మాట్లాడుతుంది.

అంచులక్క పని ఏమిటో చెప్పాలంటే కాస్త ఓపిక పట్టాలి. మోకాలి కింద కాలు పోయినవాళ్లకు మిగిలిన భాగం ఒక లోతైన గిన్నెలాంటి దాంట్లో కూర్చోవాలి. దాన్ని సాకెట్ అంటారు. పెట్టుడు కాలికి ప్రాణమంతా అందులోనే ఉంది. కింద పాదం ఎంత ఖరీదైనదైనా, సాకెట్ కుదరకపోతే ఆ కాలు నాలుగు రోజుల్లో తలుపు మూలకు చేరుతుంది. స్కానర్‌ను కాలి చుట్టూ తిప్పితే వచ్చే లక్షల చుక్కలు మేడమీదికి వస్తాయి. ఆ చుక్కల మీద అంచులక్క ఒక నున్నటి వంపు తలాన్ని పరుస్తుంది, తడిగుడ్డ కప్పినట్టు. కావలసినదానికంటే పొడుగ్గానే పరుస్తుంది. అప్పుడు దాని మీద ఒక గీత గీస్తుంది. ముందువైపు మోకాలి చిప్ప సగం దాకా ఎక్కి, పక్కల ఇంకా ఎత్తుగా సాగి, వెనక మోకాలు మడత పడేచోట కిందికి దిగి, చుట్టూ తిరిగి మొదలైనచోటే కలిసే గీత. గీతకు అవతలిదంతా సాఫ్ట్‌వేర్ కత్తిరించేస్తుంది. కత్తిరిస్తుందంటే పారెయ్యదు, దాచేస్తుంది. గీత చెరిపేస్తే దాచినదంతా మళ్లీ బయటికొస్తుంది. ఆ మిగిలిన ముక్క మీద చిన్న చిన్న త్రిభుజాలతో వల అల్లి, నడిస్తే ఎక్కడ బరువు పడుతుందో, ఎక్కడ పగులుతుందో లెక్క చూసుకుని, అచ్చు తీసే మిషనుకు పంపిస్తుంది. మిషను పొర మీద పొర పోసి పంతొమ్మిది గంటల్లో సాకెట్ తెచ్చి చేతిలో పెడుతుంది.

ఇక్కడికి రాకముందు పన్నెండేళ్లు ఆవిడ ప్లాస్టిక్ బకెట్లు గీసింది. బకెట్లు, మగ్గులు, చెత్తడబ్బాలు. ఆ కంపెనీ మూతపడ్డాక ఇక్కడ చేరింది. బకెట్ గీసిన చెయ్యి కాలేం గీస్తుందిలే అని మొదట్లో ఇన్‌ఛార్జి పెదవి విరిచాడు. ఆ పెదవికి తగ్గట్టే చేరిన మొదటి నెలలో ఈవిడ గీతను తిరగాల్సిన వైపు కాకుండా రెండో వైపు తిప్పి గీసింది. అలా గీస్తే ఉండాల్సింది పోయి, పోవాల్సింది మిగులుతుంది. పొద్దున్నే మిషను తలుపు తీస్తే సాకెట్ లేదు, దాని పైన కోసి పారెయ్యాల్సిన రింగు మాత్రం వయ్యారంగా కూర్చుని ఉంది. సుద్దబాబాయి దాన్ని నెత్తిన పెట్టుకుని కార్ఖానా అంతా ఊరేగాడు. ఆ నవ్వులో అంచులక్క కూడా నవ్వింది, ఇంటికెళ్లి ఏడ్చింది. ఆ తర్వాత తొమ్మిదేళ్లలో ఆవిడ చేతి మీదుగా ఆరువందల పైచిలుకు సాకెట్లు పోయాయి. ఆవిడ గీసిన అంచు ఎవరి కాలినీ కొరకలేదని సుద్దబాబాయే కాలు కోసం కొత్తగా వచ్చినవాళ్లకు చెప్పేవాడు. ఆ పేరు కూడా ఆయన పెట్టిందే.

ఇక ఉత్తరాలావిడ సంగతి. ఆ వీధికి ఐదేళ్లు ఉత్తరాలు పంచిన మనిషి. రిజిస్టర్డ్ ఉత్తరాలుంటే సంచీ భుజాన వేసుకుని ముప్పై ఎనిమిది మెట్లూ ఎక్కి వచ్చేది, గ్లాసెడు మంచినీళ్లు తాగేది, ఇన్‌ఛార్జి సంతకం కొక్కిరిబిక్కిరి గీతల్లా ఉందని ఆయన మొహం మీదే అని వెళ్లిపోయేది. ముప్పై ఎనిమిదేళ్ల వయసు, గలగలా మాట్లాడే నోరు. ఒకరోజు మలుపులో లారీ తగిలింది. ఎడమకాలు మోకాలి కింద నాలుగంగుళాలు మిగిలింది. అన్నేళ్లు పైకి ఎక్కి వచ్చిన మనిషి కింద కొలతల గదిలో కుర్చీలో కూర్చుంటే, అంచులక్క ఏదో పని ఉన్నట్టు నాలుగుసార్లు దిగి వెళ్లి చూసి వచ్చింది.

తపాలా ఆఫీసు వాళ్లు ఉద్యోగం తియ్యలేదు, అంతవరకు నయం. కానీ ఒక మెలిక పెట్టారు. మళ్లీ వీధుల్లో తిరగాలంటే ఒక పరీక్ష ఉంది. అధికారి వెంట నడుస్తాడు, సంచీతో ఏడు వీధులూ మెట్లతో సహా టైములోపల తిరిగి రావాలి. తిరగలేకపోయినా, చెప్పిన తేదీకి రాకపోయినా, ఇక జీవితాంతం లోపల గదిలో కూర్చుని ఉత్తరాలు విడదీసే పని. ఆ గదికి కిటికీ లేదు. పదిమంది గుమ్మాల్లో నిలబడి పలకరిస్తే తప్ప తిన్నది అరగని మనిషిని అక్కడ కూర్చోబెడితే బతికుండగానే బీరువాలో పెట్టి తాళం వేసినట్టే. ఆ మాట ఆవిడే అంది.

అందుకే అంచులక్క ఆ సాకెట్‌కు మామూలుగా పట్టే ఒక్కరోజుకు బదులు మూడు రోజులు పెట్టింది. వల కళ్లు అంచు పొడవునా మరీ సన్నగా అల్లింది. నున్నగా, ముద్దొచ్చేలా వచ్చింది. తొడిగి నాలుగడుగులు వేశాక ఉత్తరాలావిడ ఏడ్చి, అంచులక్కను కావలించుకుంది. పరీక్షకు ఇంకా మూడు వారాల పైన టైముంది.

మూడు వారాలు గడిచాయి. శుక్రవారం పరీక్ష అనగా మంగళవారం మధ్యాహ్నం అంచులక్క కిందికి దిగింది. గోడవారన బెంచీ మీద ఐదారుగురు కూర్చుని ఉన్నారు. అందరూ కాళ్లు దగ్గరికి ముడుచుకుని ఉంటే ఉత్తరాలావిడ ఒక్కతే ఎడమకాలు దారికడ్డంగా బారజాపుకుని ఉంది. వచ్చేపోయేవాళ్లు దాటుకుని వెళ్తున్నారు. అలా ఎందుకు చాపావని అంచులక్క అడిగింది. కొత్తకాలు కదా, అలవాటవుతుందన్నారు, అలవాటవుతోంది అని ఆవిడ నవ్వింది. ఒకసారి ముడువు చూద్దాం అంటే ముడిచింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

చెయ్యి పట్టుకుని తెర వెనక్కి తీసుకెళ్లి కాలు విప్పించింది. లోపలి నుంచి నాలుగు మడతలు పెట్టిన చేతిరుమాలు కిందపడింది. మోకాలి వెనక లోపలివైపు, తాడులా తగిలే నరం మీద, వేలెడు పొడవున ఎర్రగా కమిలిపోయిన చార ఉంది. అంచులక్క సాకెట్ చేతిలోకి తీసుకుని, అలవాటు ప్రకారం అంచు వెంట వేలు పోనిచ్చింది. ఒకచోట ఆగింది. మళ్లీ మొదటి నుంచి పోనిచ్చింది. మోకాలి వెనక రెండు నరాలుంటాయి. లోపలివైపు నరం ఇంకాస్త కిందిదాకా దిగుతుంది కాబట్టి అంచు కూడా అటు ఎక్కువ దిగాలి, బయటివైపు తక్కువ దిగాలి. ఈ సాకెట్‌లో లోపలివైపు ఎత్తుగా ఉంది, బయటివైపు గుంటపడి ఉంది. తేడా చిటికెనవేలు గోరంత. ఆ గోరంత తేడా మీదే ఈ మనిషి మూడు వారాల నుంచి వీధులు తిరుగుతోంది.

ఫైలు చూసి రేపు చెప్తాను, ఈలోపల ఇది తొడుక్కోవద్దు అని మాత్రం చెప్పి, సాకెట్ తన దగ్గరే ఉంచుకుని, ఆవిడను ఊతకర్రల మీద ఇంటికి పంపింది. నేరుగా మేడెక్కి ఆ ఫైలు తెరిచింది.

జరిగిందేమిటంటే, వెనక అంచు కోసం అంచులక్క దగ్గర ఒక గీత తయారుగా ఉండేది. తొమ్మిదేళ్లుగా చెక్కుకుంటూ వచ్చిన గీత, కుడికాలిది. ఎడమకాలు వస్తే దాన్ని అద్దంలో చూపినట్టు తిప్పి వేసేది. తిప్పడం ఆవిడ వేళ్లకు ఊపిరి తీసుకున్నంత మామూలు. రెండు నెలల కిందట సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చింది. అందులో మొదట్లోనే కుడా ఎడమా అని అడిగి, ఎడమ అంటే గీతను అదే తిప్పేస్తుంది. ఏమేం మారాయో నలభై అంశాల జాబితా కూడా పంపారు. అంచులక్క పన్నెండో అంశం దాకా చదివి, భోజనానికి లేచింది. అది తిప్పిన గీతను ఈవిడ వేళ్లు మళ్లీ తిప్పాయి. రెండుసార్లు తిప్పిన గీత మొదటికొచ్చింది. ఎడమకాలి మీద కుడికాలి అంచు పడింది. బకెట్లు గీసినన్నాళ్లూ కుడీ ఎడమా అన్న గొడవే లేదు పాపం.

అంచులక్క కంప్యూటర్ తెర మీద గీత చెరిపేసింది. దాచిన తలమంతా చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. పక్కన చేసిన పనుల పట్టికలో తిప్పిన గుర్తు ఒకటి కాదు, రెండు కనిపించాయి. మరి ఆ రెండు నెలల్లో ఎడమకాళ్లు ఇంకెన్ని పోయాయో వెతికితే, ఉత్తరాలావిడది కాక ఒక్కటే తేలింది. అది అదృష్టం కొద్దీ ఇంకా ఎవరికీ తొడగలేదు, కింద కొలతల గదిలోనే ఉంది. సుద్దబాబాయిని పిలిచి చూపించింది. ఆయన ఉత్తరాలావిడ సాకెట్‌ను వెలుగులోకి ఎత్తి, రెండువైపులా బొటనవేలితో నొక్కి చూశాడు. లోపలివైపు ఎత్తు అరగదీయొచ్చు, బయట కోసేసినదాన్ని ఎక్కణ్నుంచి తెస్తాం అన్నాడు. తెర మీదైతే గీత చెరిపితే వస్తుంది. ప్లాస్టిక్‌లో కోసింది కోసిందే. కొత్తది చెయ్యాల్సిందే. కొత్తది గురువారానికి వచ్చినా, ఒక్కరోజు అలవాటుతో శుక్రవారం ఏడు వీధులు నడిస్తే బొబ్బలెక్కి మధ్యలోనే కూలబడుతుంది.

ఇన్‌ఛార్జికి చెప్పక తప్పదు కదా, చెప్పింది. ఆయన చెడ్డవాడు కాదు. రిటైరవడానికి రెండేళ్లుంది, కడుపులో పుండు ఉంది, హెడ్డాఫీసు నుంచి ఫోనొస్తే లేచి నిలబడి మాట్లాడతాడు. మనిషి భయస్థుడు, అంతే. ముందు తలుపు వేసి వచ్చాడు. లోపల కాస్త అరగదీసి ఇచ్చేద్దాం, సర్దుబాటు అంటే ఎవరూ అడగరు అన్నాడు. అలా కుదరదని ఈవిడ వివరించింది. అయితే కాలు వాచిందని రాసిద్దాం, తేదీ వాళ్లే మారుస్తారు అన్నాడు. అదే వద్దంది అంచులక్క. కాలు వాచిందని కాగితం మీద పడితే కాలే పనికిరానిదని తపాలా వాళ్లు రాసుకుంటారు, ఇక ఆ కిటికీ లేని గదే గతి. తేదీ మారాలంటే తప్పు కాలిది కాదు, సాకెట్‌ది అని కార్ఖానా వాళ్లే రాసివ్వాలి.

ఆయన ఒక మాత్ర మింగి, నీళ్లు తాగి, నెమ్మదిగా అన్నాడు.

"అమ్మా, ఆవిడ వచ్చి అడిగిందా? ఒక్క ముక్క ఫిర్యాదు చేసిందా? కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా?"

"కందకు దురద ఉంది సార్. మనమే అలవాటవుతుందని చెప్పి దాని నోరు నొక్కాం."

ఆయన రేపు చూద్దాం అని ఫైళ్లు సర్దుకున్నాడు. ఆయన రేపు అన్నాడంటే ఆ రేపు రాదని ఆ మేడమీద అందరికీ తెలుసు.

ఆ సాయంత్రం ఇంట్లో అంచులక్క కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. మొగుడు బస్సు డ్రైవరు. రోజంతా స్టీరింగు పట్టి వచ్చి, కంచం ముందు కూర్చుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఆవిడ మొహం చూసి, మజ్జిగ పోసుకున్నాడు. కంచం కడిగేవేళకు అంతా విన్నాడు. హెడ్డాఫీసుకు తెలిస్తే ఊరుకోదని, ఇది కొరివితో తల గోక్కోవడమేనని కూడా ఆవిడే చెప్పింది. ఆయన తుండుతో చేతులు తుడుచుకున్నాడు.

"చెప్పకపోతే నువ్వు నిద్రపోవు. నువ్వు నిద్రపోకపోతే నన్ను నిద్రపోనివ్వవు. పొద్దున్నే నేను యాభైమందిని ఎక్కించుకుని తోలాలి. రాసిచ్చెయ్యవే."

మర్నాడు పదిగంటలకు ఉత్తరాలావిడ ఊతకర్రల మీద వచ్చింది. అంచులక్క ఆవిడను కూర్చోబెట్టి, తను ఎదురుగా స్టూలు మీద కూర్చుని, అటూ ఇటూ తిప్పకుండా చెప్పేసింది. అంచు తప్పు కోశాను, కుడికాలిది నీ ఎడమకాలికి వేశాను, తప్పు పూర్తిగా నాది, నీ కాలిలో ఏ లోపమూ లేదు అంది. తిడుతుందనుకుంది. తిట్టినా పడాలనుకుంది.

ఉత్తరాలావిడ తన మోకాలి వైపు తల వంచింది.

"మూడు వారాల నుంచి దీన్నే తిడుతున్నానక్కా. అందరి కాళ్లూ కుదురుతుంటే నీకేం మాయరోగమే అని. మొన్న కోపమొచ్చి కొట్టాను కూడా, గరిటెతో." అరచెయ్యి ఆ మిగిలిన కాలి మీద పెట్టి నిమిరింది. "దీని తప్పు కాదా అయితే?"

అంచులక్క తల అడ్డంగా ఊపింది. ఉత్తరాలావిడకు అప్పుడొచ్చింది కోపం. నొప్పి అని మొదటివారమే చెబితే అలవాటవుతుందని పంపింది మీరే కదా అంది. ఓర్చుకునేవాళ్లకే కాలు కుదురుతుందని గోడ మీద బోర్డు పెట్టింది మీరే కదా అంది. సంచీలో ఇటుకలు వేసుకుని పళ్లు బిగబట్టి మెట్లెక్కడం నేర్చుకున్నాను, ఎవడికోసం అంది. గొంతు మేడమీదికి వినిపించింది. ఇన్‌ఛార్జి మెట్ల మీద సగం దాకా దిగి, అక్కడే నిలబడిపోయాడు. అన్నీ నిజాలే. చివరికి అంచులక్క, ఇకమీద నొప్పి పుడితే ఇలాగే అరువమ్మా అని మాత్రం అంది. ఆవిడ ముక్కు చీదుకుని, మరి శుక్రవారం నా గతేంటి అని అడిగింది.

ఆ శుక్రవారం కోసమే అంచులక్క కాగితం తీసి అక్కడికక్కడే రాసింది. ఈ సాకెట్ వెనక అంచు నేను తప్పుగా కోశాను, మనిషి కాలిలో లోపం లేదు, కొత్తది చేసి అలవాటు చెయ్యడానికి మూడు వారాలు కావాలి. సంతకం పెట్టి ముద్ర కోసం మేడమీదికి తీసుకెళ్లింది. ఇన్‌ఛార్జి రెండుసార్లు చదివాడు. సొరుగు తీశాడు, ముద్ర చేతిలోకి తీసుకున్నాడు, మళ్లీ బల్ల మీద పెట్టాడు. ఒక్క వాక్యం కలిపితే వేస్తానన్నాడు. పొరపాటు నాదే, సంస్థది కాదు అని. ఆ వాక్యం హెడ్డాఫీసు చేతికి దొరికితే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. ఆయన కళ్లెత్తలేదు. అంచులక్క కళ్లజోడు కిందికి దించుకుని, ఆ వాక్యం కూడా పొందికగా రాసింది. ముద్ర పడింది. ఒక ప్రతి తపాలా ఆఫీసుకు, ఒక ప్రతి నియమం ప్రకారం హెడ్డాఫీసుకు.

తపాలా అధికారి ఆ కాగితం చదివి, ఇన్నేళ్ల సర్వీసులో తప్పు మాదే అని రాసిన కాగితం చూడలేదన్నాడట. కొత్త తేదీ ఇచ్చాడు, మూడు వారాలకు.

ఈసారి అంచులక్క తయారుగా ఉన్న గీత వాడలేదు. ఉత్తరాలావిడను బల్ల అంచున కూర్చోబెట్టి, మోకాలు ముడిపించి, చాపించి, వెనక రెండు నరాలనూ తన వేళ్లతో తడిమింది. సుద్దబాబాయి కూడా తడిమాడు. ముప్పై ఏళ్లు చేత్తో అచ్చులు తీసిన వేళ్లు ఆయనవి. ఇక్కడ కాదమ్మాయ్, ఇంకో రవ్వ కిందికి అని రెండుసార్లు దిద్దాడు. ఆయన చూపినచోట నీలం పెన్సిలుతో కాలి మీదే గీత గీసింది, పక్కన లోపల అని ఒకవైపు, బయట అని ఒకవైపు రాసింది. చక్కిలిగిలి పుడుతోందని ఉత్తరాలావిడ నవ్వింది. ఆ రోజంతటికీ అదే మొదటి నవ్వు. ఆ గుర్తులతోనే స్కాన్ తీశారు. మేడమీద అంచులక్క తలం పరిచి, ఆ నీలం గీత మీద చుక్క చుక్కా పెట్టుకుంటూ చుట్టూ వచ్చి, చివరి చుక్కను మొదటిదానికి కలిపింది. కత్తిరించాక తెర మీద బొమ్మను వెనక నుంచి, ముందు నుంచి, కింద నుంచి తిప్పి చూసింది. తన ఎడమ మోకాలి వెనక చెయ్యి పెట్టుకుని పోల్చుకుంది. వల అల్లింది. అప్పటికీ నమ్మకం చాలక సుద్దబాబాయిని ముప్పై ఎనిమిది మెట్లూ ఎక్కించి ఆయన చేత చూపించింది. ఆయన మెట్లను తిట్టాడు, అంచును మెచ్చుకున్నాడు.

కొత్త సాకెట్ తొడిగిన రోజు ఉత్తరాలావిడ కావలించుకోలేదు. కుర్చీలో కూర్చుని లేచి, కూర్చుని లేచి, ఇరవైసార్లు చూసుకుంది. ఇరవయ్యోసారి కూర్చుని, ఎడమకాలు కుర్చీ కిందికి లాక్కుని, సరే చూద్దాం అంది. రోజుకు కొంచెంగా నడిచింది. రెండోవారం ఒకచోట రాసుకుంటోందని వచ్చి గట్టిగా గోల చేసింది. గోరంత అరగదీస్తే పోయింది. ఆ తర్వాత రోజూ మధ్యాహ్నం సంచీ భుజాన వేసుకుని కార్ఖానా ముందునుంచే వెళ్లేది. సంచీలో అప్పుడూ ఇటుకలే.

పరీక్షనాడు అంచులక్క సెలవు పెట్టి వెళ్లి చూద్దామనుకుంది. భయమేసి వెళ్లలేదు. పదకొండింటికి ఫోనొచ్చింది. ఏడు వీధులూ తిరిగిందట, టైముకు ఆరు నిమిషాల ముందే. అధికారికే ఆయాసమొచ్చి ఒక గుమ్మంలో కూర్చున్నాడట. ఆవిడ ఆగి, ఆయనకు నీళ్లు అడిగి ఇప్పించిందట. సోమవారం నుంచి పాత వీధులే.

అదే వారంలో హెడ్డాఫీసు నుంచి కూడా ఫోనొచ్చింది. ఇన్‌ఛార్జి లేచి నిలబడి విన్నాడు. పెట్టేశాక కూడా కాసేపు నిలబడే ఉన్నాడు. ఆ కాగితం చదివారట, అంచుల పని ఇకనుంచి హెడ్డాఫీసులో చేస్తారట, మీరు వల మాత్రం అల్లాలట, ఉత్తరం వస్తుందన్నారు అని చెప్పాడు. నేను మాట్లాడి చూస్తానమ్మా అని కూడా అన్నాడు. మాట్లాడలేదు. సుద్దబాబాయి కింద మిషను ఆపేసి, హెడ్డాఫీసు వంశవృక్షాన్ని వేళ్లదాకా తవ్వాడు. అంచులక్క తన బల్ల దగ్గరికి వెళ్లి సగంలో ఉన్న వల అల్లింది. ఇంట్లో మొగుడు అడిగితే, తొమ్మిదేళ్లు గీశానుగా చాలదా అంది. చాలదని ఇద్దరికీ తెలుసు.

బుధవారం పదకొండున్నరకు మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. ఎక్కడా ఆగకుండా పైకి వచ్చింది. ఉత్తరాలావిడ, ఖాకీ చొక్కా, భుజాన సంచీ. అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎడమకాలు మడిచి కుర్చీ కిందికి పోనిచ్చింది. ముప్పై ఎనిమిది మెట్లూ ఒక్క ఊపులో అని ఇన్‌ఛార్జికి వినపడేలా చెప్పి, సంచీలోంచి ఒక పొడుగు కవరు, రసీదు పుస్తకం తీసింది.

"రిజిస్టర్డ్ అక్కా, నీ పేరు మీద. ఎప్పుడూ సార్‌కే తెచ్చేదాన్ని, ఇవాళ నీకు. ఇక్కడ సంతకం పెట్టు."

కవరు మూల మీద హెడ్డాఫీసు చిరునామా అచ్చువేసి ఉంది. ఇన్‌ఛార్జి తల దించుకుని ఏదో రాసుకుంటున్నట్టు కలం కదుపుతున్నాడు. అంచులక్క సంతకం పెట్టింది. మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. విప్పి చూసుకోవా, మంచి కబురేమో అని ఉత్తరాలావిడ అడిగింది. తర్వాత చూస్తాలే, నీకింకా ఎన్ని ఉన్నాయి అని ఈవిడ మాట మార్చింది. నలభై పైనే ఉన్నాయి, మాట్లాడుతూ కూర్చుంటే వీధి మొత్తం నన్ను తిడుతుంది అంటూ ఆవిడ లేచింది. కుర్చీ చెయ్యి పట్టుకోలేదు. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, సార్, మీకు ఇవాళ ఏమీ లేవు, సంతకం బాగా ప్రాక్టీసు చేసుకోండి అని దిగి వెళ్లిపోయింది.

అంచులక్క కవరు పట్టుకునే కిటికీ దగ్గరికి వెళ్లింది. కింద వీధిలో ఉత్తరాలావిడ ఎదురింటి మెట్లెక్కింది, దిగింది, పక్కింటి మెట్లెక్కింది. ఎక్కేటప్పుడు రెండు మోకాళ్లూ ఒక్కలాగే మడత పడుతున్నాయి. ఏ కాలు పెట్టుడుదో తెలియనివాళ్లకు తెలియదు. అంచులక్కకు ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఇన్‌ఛార్జి కుర్చీ జరుపుకుని లేచి వచ్చి, ఈవిడ చేతిలోని కవరు వైపు చూస్తూ నిలబడ్డాడు. ఏం రాశారమ్మా అని మెల్లగా అడిగాడు.

"ఇంకా చూడలేదు సార్," అంది అంచులక్క.